రెండు రాష్ట్రాల్లోనూ నాన్‌లోకల్ అయితే ఎలా? (ఆర్టికల్ 16, 371-డి)

మున్నేరు, ఖమ్మం | 9 మే 2022

అందరికీ నమస్కారం. గ్రూప్-1కి అప్లై చేద్దామని ఓటీఆర్‌లో (సర్వీస్ కమిషన్ దగ్గర ఒకసారి చేసుకునే రిజిస్ట్రేషన్) వివరాలు మార్చుకుంటున్నాను. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఏ జిల్లాలో చదివామో ఇప్పుడు అడుగుతున్నారు కదా. మాది ఖమ్మం. చిన్నప్పుడు అమ్మకి ఒంట్లో బాగుండకపోవడంతో నన్ను ఐదో తరగతి వరకు నందిగామలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఆరు నుంచి డిగ్రీ దాకా ఖమ్మంలోనే. ఏడేళ్లలో ఐదేళ్లు అప్పటి కృష్ణా జిల్లాలో గడిచాయి కాబట్టి తెలంగాణలో నేను నాన్‌లోకల్, అంటే స్థానికులకి కేటాయించిన పోస్టులు నాకు రావు.

సరే, ఆంధ్రాలోనైనా లోకల్ అవుతానా అని చూశాను. అక్కడ ఇంకా పాత పద్ధతే. నాలుగు నుంచి పదో తరగతి వరకు చూస్తారు. నాలుగు, ఐదు నందిగామ. ఆరు నుంచి పది ఖమ్మం. అక్కడా నాన్‌లోకలే.

నేను చదువుకునే రోజుల్లో ఈ రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. ఓటు ఖమ్మంలో, ఆధార్ ఖమ్మంలో, నాన్న రేషన్ కార్డు ఖమ్మంలో. అయినా ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి నాకు సొంత రాష్ట్రం లేదు. ఆర్టికల్ 16లో నివాసాన్ని బట్టి వివక్ష చూపకూడదని ఉందని పాలిటీ పుస్తకంలో చదివాను. మరి ఇది ఎలా చెల్లుతోంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.


తెనాలి వకీలు | 9 మే

తమ్ముడూ, ఆర్టికల్ 16ని రెండో క్లాజ్ దగ్గర ఆపేయకు. ఒకటో క్లాజ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో పౌరులందరికీ సమాన అవకాశం ఉండాలంటుంది. రెండోది మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం, వీటిని మాత్రమే కారణంగా చూపి ఎవరినీ అనర్హుల్ని చెయ్యకూడదంటుంది. మూడో క్లాజ్‌లో మినహాయింపు ఉంది. కొన్ని రకాల ఉద్యోగాలకి ఫలానా రాష్ట్రంలో నివాసం ఉండాలని షరతు పెడుతూ పార్లమెంటు చట్టం చెయ్యొచ్చు. పార్లమెంటు మాత్రమే. అసెంబ్లీకి ఆ అధికారం లేదు.

ఆ మినహాయింపుని 1948 నవంబరులో రాజ్యాంగ సభ ముందు పెట్టింది మన నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. ఆ అధికారం రాష్ట్రాలకి ఇస్తే ఎవరి ఉద్యోగాలు వాళ్లవే అని ప్రతి రాష్ట్రం గిరి గీసుకునేది. పార్లమెంటు చేతిలో పెడితే దేశమంతటినీ చూసి ఒక పద్ధతిలో చేస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చేది అదే. హక్కు ఏమిటో చెప్పి ఊరుకోలేదు, దాన్ని తగ్గించే అధికారం ఎవరికుందో కూడా అక్కడే రాసిపెట్టారు. మన రెండు రాష్ట్రాల యాభై ఏళ్ల గొడవంతా ఆ 'ఎవరికి' అన్నదాని చుట్టూ తిరిగింది.

నీ సమస్య మాత్రం ఆర్టికల్ 16లో తేలదు. రాజ్యాంగంలో మన రాష్ట్రం కోసం ప్రత్యేకంగా చేర్చిన 371-డి ఆర్టికల్ దాకా వెళ్లాలి. మాస్టారు లైన్లో ఉంటే ముందు ముల్కీ సంగతి చెప్తే బాగుంటుంది. అది ఆయన చెప్పినట్టు నేను చెప్పలేను.


ఓరుగల్లు మాస్టారు, హనుమకొండ | 10 మే

చెప్తాను బాబూ. ఇది నాకు చదువుకున్న విషయం కాదు, మా తరం బతికిన విషయం.

నిజాం 1919లో ఒక ఫర్మానా ఇచ్చాడు. హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగం కావాలంటే ముల్కీ, అంటే స్థానికుడు, అయి ఉండాలి. బయటివాళ్లు పదిహేనేళ్లు ఇక్కడ స్థిరపడి ఉంటే ముల్కీ కింద లెక్క. 1950లో రాజ్యాంగం వచ్చాక ఇది పోవాలి కదా అంటారు. పోలేదు. ఆర్టికల్ 35(బి) అని ఒకటుంది. 16(3) పరిధిలోకి వచ్చే పాత చట్టాలు పార్లమెంటు మార్చేదాకా, రద్దు చేసేదాకా అమల్లో ఉంటాయని దాని సారాంశం.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. తెలంగాణ ఉద్యోగాలకి రక్షణ ఉంటుందని మాట ఇచ్చారు. దాన్ని చట్టంగా చెయ్యడానికి పార్లమెంటు 1957లో పబ్లిక్ ఎంప్లాయ్‌మెంట్ చట్టం తెచ్చింది. కాగితం మీద బాగానే ఉంది. అమలులో తూట్లు పడ్డాయి. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. 'అర్హులు దొరకలేదు' అని రాసి బయటివాళ్లతో పోస్టులు నింపారు. 1969 జనవరిలో పాల్వంచ, కొత్తగూడెం దగ్గర మొదలైన మంట తెలంగాణ అంతా పాకింది. 369 మంది పోయారని మేం ఇప్పటికీ చెప్పుకుంటాం. అందులో చాలామంది విద్యార్థులు, నీ వయసు వాళ్లు.

అదే జనవరిలో ప్రభుత్వం జీవో 36 ఇచ్చి నాన్‌ముల్కీ ఉద్యోగుల్ని వెనక్కి పంపుతామంది. వాళ్లు కోర్టుకెళ్లారు. ఏవీఎస్ నరసింహారావు కేసులో 1969 మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టంలోని మూడో సెక్షన్‌ని తెలంగాణ వరకు కొట్టేసింది. కారణం వకీలు గారు చెప్పిన 16(3)లోనే ఉంది. అందులో రాష్ట్రంలో నివాసం అని ఉంది గానీ రాష్ట్రంలో ఒక భాగంలో నివాసం అని లేదు. తెలంగాణ ఒక రాష్ట్రం కాదు, రాష్ట్రంలో ఒక ముక్క. అందుకని పార్లమెంటు చేసిన చట్టం కూడా నిలబడలేదు.

ఉద్యమం నడుస్తుండగా ఆ తీర్పు వస్తే మా మనసులు ఎలా ఉంటాయో ఆలోచించు. మాట ఇచ్చింది ప్రభుత్వం, చట్టం చేసింది పార్లమెంటు, రెండూ పోయాయి.


గోదారి గట్టు, రాజమహేంద్రవరం | 10 మే

మాస్టారికి నమస్కారం. మీ బాధని కాదనను. కథ అక్కడితో ఆగలేదు కాబట్టి ఇటువైపు జరిగిందీ చెప్తాను.

1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇంకో తీర్పిచ్చింది. 1957 చట్టంలో ఆ సెక్షన్ పోతే పోయింది, నిజాం నాటి ముల్కీ నిబంధనలు మాత్రం 35(బి) కింద ఇంకా బతికే ఉన్నాయంది. అంటే మా జిల్లాల పిల్లలు తమ రాష్ట్ర రాజధానిలో గుమాస్తా ఉద్యోగానికి వెళ్లాలన్నా పదిహేనేళ్ల నివాసం చూపించాలి. రాజధాని మనదన్నారు, పన్నులు కట్టాం, ఉద్యోగం అడిగితే పరాయివాళ్లమయ్యాం. జై ఆంధ్ర ఉద్యమం అలా మొదలైంది. గౌతు లచ్చన్న, కాకాని వెంకటరత్నం, తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందు నిలిచారు. ఎన్జీవోలు, అంటే నాన్‌గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగులు, సమ్మె కట్టారు. కాల్పుల్లో ఇటూ ప్రాణాలు పోయాయి. 1973 జనవరిలో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రి పదవి వదిలారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. మళ్లీ డిసెంబరులో జలగం వెంగళరావు గారొచ్చేదాకా అదే నడిచింది.

నా ఉద్దేశం ఒకటే. ఒక తీర్పుకి ఒక ప్రాంతం రోడ్డెక్కింది, మూడేళ్లు తిరిగేసరికి ఇంకో తీర్పుకి ఇంకో ప్రాంతం రోడ్డెక్కింది. రెండు తీర్పులూ రాజ్యాంగాన్ని చదివి ఇచ్చినవే. జడ్జీలని తప్పుపట్టి లాభం లేదు. ఉన్న వాక్యాలతో ఆ సమస్య తీరదు. కొత్త వాక్యం రాయాలి, అది రాయాల్సింది పార్లమెంటు.


తెనాలి వకీలు | 10 మే

గట్టు గారు చెప్పిన కొత్త వాక్యమే 371-డి. 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం మీద ఇరు ప్రాంతాల నాయకులు ఒప్పుకున్నారు. దాని ప్రకారం 32వ సవరణ చేసి, 1974 జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చారు. ముల్కీ నిబంధనల్ని రద్దు చేశారు. (గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఆ సవరణ పుణ్యమే. 371-ఇ.)

371-డి ఏం చెప్తుందంటే, రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాల వాళ్లకి ఉద్యోగాల్లో, చదువుల్లో న్యాయమైన అవకాశాలు ఉండేలా రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వొచ్చు. లోకల్ ఏరియాలు, లోకల్ కేడర్లు (ఆ ఏరియాకే పరిమితమైన ఉద్యోగుల వర్గాలు) ఏర్పరచొచ్చు. ఎవరు లోకల్ అన్నదీ ఆ ఉత్తర్వే చెప్తుంది. పదో క్లాజ్ మరీ ముఖ్యం. రాజ్యాంగంలో ఇంకెక్కడ ఏం రాసి ఉన్నా ఇదే చెల్లుతుంది. 'ఆర్టికల్ 16 ఉండగా ఇది ఎలా చెల్లుతోంది' అన్న తమ్ముడి ప్రశ్నకి జవాబు ఆ పదో క్లాజే.

1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆరు జోన్లు, ఒక్కో జోన్ అంటే కొన్ని జిల్లాల గుంపు. జిల్లా స్థాయి గుమాస్తా పోస్టుల్లో 80 శాతం, జోనల్ నాన్‌గెజిటెడ్‌లో 70, కొన్ని గెజిటెడ్ పోస్టుల్లో 60 లోకల్‌కి. మిగతాది అందరికీ ఓపెన్. దాన్ని చాలామంది నాన్‌లోకల్ కోటా అనుకుంటారు. కాదు, అందులో లోకల్ వాళ్లు కూడా పోటీ పడతారు. ఆ తేడా తెలియక ఎన్ని నియామకాలు వివాదాల్లో పడ్డాయో.

ఇప్పుడు అసలు విషయం. 'ఇంకెక్కడ ఏం రాసి ఉన్నా' అన్నంత బలమైన వాక్యం రాశారు కదా, ఇక 371-డిని ఎవరూ ఏమీ అనలేరనుకున్నారు. ఉద్యోగుల కేసులు విచారించడానికి 371-డి కింద ఒక అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ పెట్టారు. ఐదో క్లాజ్‌లో ఒక మెలిక ఉంది. ట్రిబ్యునల్ తీర్పు అమల్లోకి రావడానికి మూడు నెలలు గడువు. ఆలోపు రాష్ట్ర ప్రభుత్వం ఆ తీర్పుని మార్చొచ్చు, రద్దు కూడా చెయ్యొచ్చు. ఆలోచించండి, ఒక ఉద్యోగి ప్రభుత్వం మీద కేసు వేసి గెలిచాడు. ఓడిపోయిన ప్రభుత్వమే ఒక కాగితం మీద సంతకం పెట్టి ఆ తీర్పుని చెత్తబుట్టలో వెయ్యొచ్చు. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ మెలికని కొట్టేసింది. కక్షిదారే తీర్పుని తీసెయ్యగలిగితే చట్టబద్ధ పాలన అన్నది లేనట్టే, అది రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధం అంది. 371-డికి అంత బలం ఇచ్చినా, పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో రాసుకున్నా, ఆ ముక్క నిలబడలేదు.

రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని సవరణతో కూడా చెరపలేరన్న కేశవానంద భారతి తీర్పు గురించి అందరూ చదువుతారు. ఆ సూత్రం మన ఊళ్లో జూనియర్ అసిస్టెంట్ ప్రమోషన్ కేసు దాకా ఎలా వచ్చిందో చూడాలంటే సాంబమూర్తి తీర్పు చదవాలి.


పాలపిట్ట, సిద్దిపేట | 11 మే

వకీలన్నా, నువ్వు చెప్పింది కరెక్టే. కానీ 371-డి వచ్చినంక అంతా సక్కగ అయిందన్నట్టు వినపడుతోంది. 1975 ఉత్తర్వుని పదేళ్లు తొక్కిపెట్టారు. జయభారత్ రెడ్డి కమిటీ లెక్క తీస్తే 58,962 మంది నాన్‌లోకల్స్ తెలంగాణ జోన్లలో ఉన్నారని తేలింది. 1985 డిసెంబరు 30న ఎన్టీఆర్ ప్రభుత్వం జీవో 610 ఇచ్చింది. 1986 మార్చి 31 లోపు వాళ్లని వెనక్కి పంపాలని అందులోనే రాసి ఉంది. పంపలేదు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసి మళ్లీ లెక్కలు తీశారు. మా బాపు 610 అంకె వింటే ఇప్పటికీ కోపానికొస్తడు.

రాజ్యాంగంలో రాసి ఉంది. రాష్ట్రపతి సంతకం ఉంది. అయినా కాలేదు. మరి రాత ఉండి ఏం లాభం అనిపించదా?

ఆ తర్వాత 14-ఎఫ్. ఉత్తర్వులోని 14వ పేరా కొన్ని కొలువులకి మినహాయింపు ఇచ్చింది. సచివాలయం, శాఖాధిపతుల ఆఫీసులు, పెద్ద ప్రాజెక్టులు, ఎఫ్ కింద హైదరాబాద్ సిటీ పోలీసు. దాని ఆధారంగా 2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు సిటీ పోలీసు నియామకాలకి హైదరాబాద్ ఫ్రీజోన్, అంటే లోకల్ రిజర్వేషన్ వర్తించని చోటు, అంది. పన్నెండు రోజులకే సిద్దిపేటలో ఉద్యోగ గర్జన సభ. ఆ మైదానంలో నేనున్నాను, ఇంటర్ చదువుతున్నాను. నవంబరు 29న కేసీఆర్ నిరాహార దీక్ష, డిసెంబరు 9న తెలంగాణ మీద కేంద్రం ప్రకటన. ఒక ఉపపేరాలోని ఒక్క అక్షరం నుంచి ఒక రాష్ట్రం పుట్టేదాకా పోయింది.

అందుకే 2018లో కొత్త ఉత్తర్వు వచ్చి, లోకల్‌కి 95 శాతం అన్నప్పుడు మేం సంబురపడ్డం. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు. నాలుగు నుంచి పది కాకుండా ఒకటి నుంచి ఏడు ఎందుకు పెట్టారంటే, హైస్కూలుకి హైదరాబాద్ వచ్చి హాస్టల్లో ఉండి పది రాసినవాళ్లు పాత లెక్కలో లోకల్ అయిపోయేవాళ్లు. చిన్నపిల్లల్ని ఎవరూ అలా పంపరు. ఐదేళ్ల పిల్ల ఎక్కడుంటే ఆ ఇల్లు అక్కడుంటది. అది లాజిక్. మున్నేరు తమ్ముడి కేసు అరుదు, కానీ ఆ లాజిక్‌కి చిక్కింది.


మున్నేరు | 11 మే

అన్నా, లాజిక్ అర్థమైంది. నా కేసు అరుదు అంటే మాత్రం ఒప్పుకోలేను. మధిర, ఎర్రుపాలెం, బోనకల్లు వైపు వచ్చి చూడండి. పెళ్లిళ్లు అటూ ఇటూ, బడులు అటూ ఇటూ. కోదాడ వాళ్లకి జగ్గయ్యపేట, గద్వాల వాళ్లకి కర్నూలు. మా స్టడీ హాల్లోనే నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు.


మన్యం టీచర్, పాడేరు | 11 మే

మీరంతా లోకల్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా కొండల సంగతి కూడా వినండి.

ఏజెన్సీ బళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది. నేను ఆ జీవో మీదే ఉద్యోగంలోకి వచ్చాను. అంతకుముందు మా ఊరి బడికి మైదానం నుంచి టీచర్ వచ్చేవారు. వర్షాకాలం వాగు పొంగితే వారాల తరబడి రారు. పిల్లలకి మా కొండ భాష కువి తప్ప రాదు, ఆయనకి తెలుగు తప్ప రాదు. ఒకటో తరగతి పిల్ల దాహం వేస్తుందని చెప్పినా ఆయనకి అర్థం కాదు. జీవో 3 వచ్చాక మా ఊళ్ల నుంచే టీచర్లు వచ్చారు. పిల్ల ఏడిస్తే ఎందుకేడుస్తుందో తెలిసినవాళ్లు వచ్చారు.

2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాద్ రావు కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధం అంది. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కి అధికారం ఉన్నా, దానితో ప్రాథమిక హక్కుల్ని దాటలేరంది. 371-డి ఉత్తర్వుకి కూడా అది విరుద్ధమంది. మళ్లీ ఇలాంటిది చెయ్యబోమన్న షరతు మీద అప్పటికే ఉన్నవాళ్ల ఉద్యోగాలని మాత్రం కాపాడింది. అందుకే నేను ఇంకా బడిలో ఉన్నాను. నా తర్వాత చదివిన పిల్లలకి ఆ దారి లేదు.

తెలంగాణ కోసం 371-డి రాశారు. ఆంధ్ర ప్రాంతం కోసం అదే 371-డిలో సర్దుబాటు చేశారు. మాకు ఐదో షెడ్యూల్ 1950 నుంచీ ఉంది, ఆచరణలో ఒక జీవో పాటి బలం కూడా లేకపోయింది. రెండు ప్రాంతాలు రోడ్డెక్కితే సవరణ వచ్చింది. మేం లక్షల్లో ఊరేగలేం, మా సంఖ్య అంత లేదు. మరి మా కోసం ఎవరు సవరణ రాస్తారు?


గోదారి గట్టు | 11 మే

అమ్మా, మీరు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆ తీర్పు నూరు శాతాన్ని కొట్టేసింది గానీ స్థానిక గిరిజనులకి ప్రాధాన్యం ఇవ్వడమే తప్పని అనలేదు. నూరు కాకుండా, భాషనే అర్హతగా పెట్టి, కోయ, కువి, సవర వచ్చినవాళ్లే ఆ బళ్లలో చెప్పాలని నిబంధన తెస్తే? అది నివాసమూ కాదు, పుట్టుకా కాదు, పనికి కావలసిన నైపుణ్యం.


మన్యం టీచర్ | 11 మే

ఆ మాట మా సంఘం సమావేశాల్లో కూడా వచ్చింది సార్. భాషా పరీక్ష ఎవరు పెడతారు, ఎలా పెడతారు అన్న దగ్గర ఆగింది. కానీ మీరన్న దారి సరైనదే అనుకుంటున్నాను.


డాలస్ బాబాయ్ | 12 మే

అమెరికాలో పోలిక పనికొస్తుందేమో చూడండి. ఇక్కడ 14వ సవరణ ప్రకారం నువ్వు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర పౌరుడివి, అంతే. ఎన్నేళ్ల నుంచి ఉంటున్నావన్న దాన్ని బట్టి పౌరుల మధ్య తేడా చూపడం చాలా విషయాల్లో కుదరదు. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి ఏడాది సంక్షేమ సాయం తగ్గించి ఇస్తామని కాలిఫోర్నియా చట్టం చేస్తే 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాగని లోకల్ అన్నదే లేదని కాదు. యూనివర్సిటీ ఫీజుల్లో రాష్ట్రం వాళ్లకి ఒక రేటు, బయటివాళ్లకి ఒక రేటు. సిటీ ఉద్యోగి సిటీలోనే కాపురం ఉండాలన్న నిబంధనని 1976లో ఫిలడెల్ఫియా కేసులో కోర్టు ఒప్పుకుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఇవాళ ఎక్కడున్నావని చూస్తారు. మన దగ్గర ఆరేళ్ల వయసులో ఎక్కడున్నావని చూస్తున్నారు. పిల్లలు తాము తీసుకోని నిర్ణయానికి జీవితాంతం కట్టుబడాలా?


ఓరుగల్లు మాస్టారు | 12 మే

బాబాయ్ గారూ, ఇవాళ ఎక్కడున్నావని అడిగితే మాకు మళ్లీ 1968 వస్తుంది. నివాస ధ్రువపత్రాలు ఎలా పుట్టాయో కళ్లారా చూసినవాణ్ని. బడి రికార్డు అలా కాదు. అడ్మిషన్ రిజిస్టర్లో ఒక వరుసలో పేరు ఉంటుంది, దాని ముందూ వెనకా ఇతర పిల్లల పేర్లు ఉంటాయి. ముప్పై ఏళ్లు హెడ్‌మాస్టర్ బల్ల దగ్గర ఆ రిజిస్టర్లు రాశాను. మధ్యలో కొత్త పేరు ఇరికించాలంటే తెలిసిపోతుంది. 1-7 తరగతుల లెక్క కఠినమే, కానీ మోసానికి లొంగనిది.


కాగితపు పడవ, నిజామాబాద్ జిల్లా | 12 మే

కొలువులో ఉన్నవాళ్ల సంగతి కూడా కలుపుతాను. కొత్త ఉత్తర్వు ప్రకారం ఉన్న ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకి పంచడానికి నిరుడు డిసెంబరు 6న జీవో 317 వచ్చింది. సీనియారిటీ చూశారు, ఎవరు ఎక్కడి లోకల్ అన్నది చూడలేదు. నేను టీచర్ని. పుట్టిందీ చదివిందీ ఉద్యోగం వచ్చిందీ ఒకే చోట. జూనియర్‌ని కాబట్టి పక్క జిల్లాకి వేశారు. ఇక రిటైర్మెంట్ దాకా నా కేడర్ అదే. మా వారు పాత జిల్లాలోనే ఉన్నారు. లోకల్ కోసమే పుట్టిన ఉత్తర్వుని అమలు చేస్తూ లోకల్‌ని పక్కన పెట్టారు. ఇది రాజ్యాంగం తప్పు అనను. దాన్ని అమలు చేసే జీవో ఎలా రాయాలో సర్కారు మమ్మల్ని ఒక్కమాట అడగాల్సింది.


మోడరేటర్ | 12 మే

317 మీద వేరే చర్చ నడుస్తోంది, దాని మీద వివరాలు అక్కడ రాయండి. ఇక్కడ మున్నేరు గారి ప్రశ్నకి దారి ఏమిటో చూద్దాం.


మున్నేరు | 13 మే

అందరికీ ధన్యవాదాలు. ఫారం నింపేశాను, నాన్‌లోకల్ అనే. మిగిలిన 5 శాతంలో పోటీ పడతాను. కానీ ఊరుకోవాలని లేదు. వకీలు గారూ, దీన్ని మార్చాలంటే ఎవరిని అడగాలి? కోర్టుకి వెళ్లొచ్చా? ఆంధ్రాలో, విభజన తర్వాత తరలివెళ్లినవాళ్లని లోకల్‌గా చూస్తారని ఎవరో చెప్పారు, అది నాకు పనికొస్తుందా?


తెనాలి వకీలు | 13 మే

చివరిది ముందు. అది 2014 జూన్ 2 తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రాకి నిర్ణీత గడువులోగా నివాసం మార్చుకున్నవాళ్ల కోసం. మీ ఇల్లు ఖమ్మంలోనే ఉంది కాబట్టి నీకు వర్తించదు.

కోర్టు: ఆర్టికల్ 16 చూపించి రాష్ట్రపతి ఉత్తర్వుని కొట్టెయ్యమంటే పదో క్లాజ్ అడ్డం వస్తుంది. గెలిచే అవకాశం తక్కువ. ఫీజు తీసుకుని కేసు వేసేవాళ్లు దొరుకుతారు, నేను మాత్రం వెయ్యమని చెప్పను.

మార్చగలిగేది ఎవరంటే, రాష్ట్రపతి. అంటే కేంద్ర ప్రభుత్వం. రాష్ట్ర ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చి 'ఫలానావాళ్లు కూడా లోకల్' అనలేదు, అంటే అది ఉత్తర్వుకి విరుద్ధమై పోతుంది. కేంద్రానికి ప్రతిపాదన మాత్రం పంపొచ్చు. అలా పంపి మార్పించుకున్నారు కూడా. 2018లో వికారాబాద్ జిల్లాని జోగులాంబ జోన్‌లో పెట్టారు. అక్కడివాళ్లు ఒప్పుకోలేదు. 2021లో ఉత్తర్వుని సవరించి చార్మినార్ జోన్‌లోకి మార్చారు. ములుగు, నారాయణపేట జిల్లాల్ని కూడా అప్పుడే చేర్చారు. అడిగితే మారిందన్నమాట.

2014 విభజన చట్టం 371-డిని రెండు రాష్ట్రాలకీ వర్తించేలా మార్చింది. కానీ రెండు రాష్ట్రాలూ వేర్వేరు ఉత్తర్వులు, వేర్వేరు తరగతుల లెక్కలు పెట్టుకుంటే మధ్యలో ఎవరికీ చెందనివాళ్లు మిగులుతారని ఎవరూ ఊహించలేదు. అది సరిదిద్దదగ్గ ఖాళీ. వినతిపత్రం రాయి. ఎమ్మెల్యేకీ, సాధారణ పరిపాలన శాఖకీ, ఢిల్లీలో హోంశాఖకీ. నీలాంటివాళ్లందరి సంతకాలూ, స్టడీ సర్టిఫికెట్లూ జతచెయ్యి.


పాలపిట్ట | 13 మే

ఒక షరతు మీద నేనూ సంతకం పెడతా. ద్వారం వెడల్పుగా తీయొద్దు. 'పది ఇక్కడ చదివితే లోకల్' అని రాస్తే మళ్లీ పాత కథే. 2014 జూన్ 2 కన్నా ముందు ఉమ్మడి రాష్ట్రంలో 1 నుంచి 7 చదివి ఉండాలి, రెండు ఉత్తర్వుల్లోనూ ఎక్కడా లోకల్ కాకూడదు, పది తెలంగాణలో పాసై ఉండాలి. ఈ మూడూ ఉంటేనే.


ఓరుగల్లు మాస్టారు | 13 మే

మూడు షరతులూ ఉంటే నాకు అభ్యంతరం లేదు. నాలుగోది కూడా కలపండి. రెండు రాష్ట్రాల బడి రికార్డులూ జిల్లా విద్యాధికారి సరిచూసి సంతకం పెట్టాలి. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు.


మున్నేరు | 14 మే

డ్రాఫ్ట్ రాశాను, చూడండి.

"తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల రాష్ట్రపతి ఉత్తర్వు, 2018లో స్థానిక అభ్యర్థి నిర్వచనానికి ఈ కింది మినహాయింపు చేర్చేందుకు రాజ్యాంగంలోని 371-డి కింద కేంద్ర ప్రభుత్వానికి ప్రతిపాదన పంపవలసిందిగా మనవి. 2014 జూన్ 2కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివి, రెండు రాష్ట్రాల్లో ఎక్కడా స్థానిక అభ్యర్థి కాకుండా ఉండి, పదో తరగతి తెలంగాణలో ఉత్తీర్ణులైనవారిని, వారు పదో తరగతి చదివిన జోన్‌లో స్థానికులుగా పరిగణించాలి. వారి విద్యా రికార్డులను ఇరు రాష్ట్రాల జిల్లా విద్యాధికారులు ధ్రువీకరించాలి."


తెనాలి వకీలు | 14 మే

బాగా రాశావు. రెండు మార్పులు. 'జోన్' తీసేసి 'లోకల్ ఏరియా' అని పెట్టు. జిల్లా పోస్టులకి జిల్లాయే లోకల్ ఏరియా, జోన్ అంటే ఆ పోస్టులు జారిపోతాయి. 'పరిగణించాలి' తర్వాత 'ఈ సవరణ తేదీ తర్వాత వచ్చే నోటిఫికేషన్లకు' అని చేర్చు. లేకపోతే ఇప్పుడు నడుస్తున్న 503 పోస్టుల గ్రూప్-1 ఆగిపోతుందేమోనని మిగతా అభ్యర్థులు భయపడతారు, నీకు మద్దతివ్వాల్సినవాళ్లే ఎదురు తిరుగుతారు. ఆ నష్టం నీకు తెలుసు, నువ్వూ అదే పరీక్ష రాస్తున్నావు.

సంతకాలకి ముందు మధిర, కోదాడ, గద్వాల స్టడీ హాళ్లకి వెళ్లు. ఒక్కొక్కరి దగ్గర 1 నుంచి 10 దాకా తరగతి, ఊరు, సంవత్సరం ఒక పట్టికలో రాయించుకో.


మున్నేరు | 14 మే

రేపు ఆదివారం. పొద్దున్నే మధిర బస్సెక్కుతున్నాను. కోదాడలో ఎవరైనా ఉంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి.